ముంపు ఊరి పిల్లలకు ఏ పని నేర్పించాలి, ఎప్పుడు నేర్పించాలి?

"జడ్చర్ల దిక్కు ముంపు ఊరు మాది. ప్యాకేజీ పైసలు పడ్డయి, కాలనీల ప్లాటు చూపిచ్చిండ్రు. డిగ్రీ మధ్యల ఆపిన కొడుకు, ఇంటర్ అయిన బిడ్డ ఉన్నరు. ఏం ట్రైనింగ్ ఇప్పియ్యాలె?" అని ఒకరు అడిగారు.

ముందు ఎప్పుడన్నది తేల్చుకోండి అని చెప్పాను. పునరావాస కాలనీలో ఇండ్లు లేవకముందే నేర్పించాలి. ఉదండాపూర్ రిజర్వాయర్ అయినా, డిండి ఎత్తిపోతల కింద చర్లగూడెం రిజర్వాయర్ అయినా, నిర్వాసితులంతా దాదాపు ఒక్కసారే ఇండ్లు మొదలుపెడతారు. వైరింగ్, ప్లంబింగ్, సెంట్రింగ్, టైల్స్ పని కాలనీలోనే దొరుకుతుంది. మన పిల్లలకు రాకపోతే ఆ కూలి బయటి మేస్త్రీలకు పోతుంది, అదీ మన పరిహారం పైసల్లోంచే. వైరింగ్‌కైతే స్లాబ్ రోజే గడువు. కడ్డీ కట్టినంక, కాంక్రీటు పడకముందు పైపులు, ఫ్యాను బాక్సులు పడాలి. ఆ పని వేరేవాళ్లు చేస్తే మిగతా వైరింగూ వాళ్లకే పోతుంది.

జిల్లా కేంద్రంలోని ఆర్‌సెటిలో (బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ కేంద్రం) హౌస్ వైరింగ్, మోటార్ రివైండింగ్ (కాలిన మోటార్‌కు కొత్త వైరు చుట్టడం) నెల రోజుల్లో నేర్పుతారు. తిండి, వసతి ఉచితం. పోచంపల్లి దగ్గర జలాల్‌పూర్‌లో స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ కూడా హాస్టల్ పెట్టి నేర్పుతుంది.

ఇండ్ల పని అయిపోయాక నిలబెట్టేది రివైండింగే. యాసంగిలో బోరు మోటార్లు కాలుతూనే ఉంటాయి. నెల కోర్సుతో చేయి తిరగదు, తర్వాత ఒక సీజన్ షాపులో కూర్చోవాలి. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది పాత కాయిల్ తొందరపడి కోసేయడంతో. కోసేముందే స్లాట్లు (వైరు కూర్చునే గాడులు) ఎన్ని, కాయిల్‌కు చుట్లెన్ని, ఏ స్లాట్ నుంచి ఏ స్లాట్‌కు పోయింది, కనెక్షన్ స్టారా డెల్టానా అన్నది రాసుకోవాలి. వైరు మందం పైపొర తీసి మైక్రోమీటరుతో కొలవాలి. నీళ్లు నింపే సబ్‌మెర్సిబుల్‌లో ప్లాస్టిక్ పొర ఉన్న వైరు వాడతారు. స్లాట్ అంచుకు అది గీసుకుంటే కంటికి కనపడదు, బోరులో దించాక కాలుతుంది. అందుకే చుట్టిన స్టేటర్‌ను (మోటార్‌లో తిరగని భాగం) రాత్రంతా నీళ్లలో ఉంచి, పొద్దున 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) వైరుకూ బాడీకీ మధ్య చూడాలి. రీడింగ్ 1 మెగా ఓమ్ దాకా పడిపోయిందంటే దించొద్దు, విప్పాల్సిందే. ఒక ఫేజ్ పోతే మోటార్‌ను ఆపే ప్రివెంటర్ స్టార్టర్‌లో ఉందా అని రైతును అడగాలి. లేకపోతే వారంలో మళ్లీ కాలుతుంది, చెడ్డపేరు మీ వాడికే వస్తుంది.

కొడుకుది డిగ్రీలో కెమిస్ట్రీ అయితే మాత్రం ముందు ఆ డిగ్రీ పూర్తి చేయించండి. జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలి) మందుల కంపెనీలున్నాయి.

బిడ్డకు కుట్టుమిషన్ అంటే ఒక మాట. సాయం చేసే సంస్థలు కాలనీ అంతా తొక్కుడు మిషన్లే పంచుతాయి. వీధికి పదిమంది జాకెట్లు కుడితే ఎవరికీ గిట్టదు. గార్మెంట్ కంపెనీకి పోవాలంటే పవర్ మిషన్, ఓవర్‌లాక్ (బట్ట అంచులు కుట్టే మిషన్) మీద చేయి తిరగాలి. ఆ మిషన్లున్న సెంటర్‌నే ఎంచుకోండి. సంస్థవాళ్లు అడిగితే మెగ్గర్, వైండింగ్ మిషన్ లాంటి పనిముట్లూ కావాలని చెప్పండి.

పైసల సంగతి. 2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూలులో ప్రాజెక్టు వల్ల ఉద్యోగాలు వచ్చే చోట శిక్షణతో ఇంటికొక ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షలు, లేదా 20 ఏళ్లు నెలనెలా 2,000కు తగ్గకుండా అని ఉంది. పైసలే తీసుకున్నాక శిక్షణ సంగతి మీరే చూసుకోవాలి. ఏడాదిపాటు నెలకు 3,000 జీవన భృతి కూడా ఆ షెడ్యూలులోనే ఉంది, పిల్లలు నేర్చుకునే నెలల్లో ఇల్లు దాంతో కొంత గడుస్తుంది.

పరిహారంతో ముందే షాపు తెరవొద్దు. పీఎంఈజీపీ (సొంత యూనిట్ పెట్టుకోవడానికి సబ్సిడీతో బ్యాంకు లోను ఇప్పించే కేంద్ర పథకం) కొత్త యూనిట్లకే ఇస్తారు. పల్లెల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు, మహిళలకు సబ్సిడీ 35 శాతం, సొంత వాటా 5 శాతం. సబ్సిడీ మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది, చేతికి రాదు.

పీడీఎఫ్ (ప్రాజెక్టు నిర్వాసిత కుటుంబాల) లిస్టులో మీ పేరున్న పేజీ నకలు, పాత ఊరి నివాస ధ్రువపత్రం ఊరు ఖాళీ చేసేలోపే తీసుకోండి. అడ్రస్ మారాక దరఖాస్తులు ఎక్కువగా ఆగేది అక్కడే.