కథ వచ్చింది, కథలు రాలేదు: గో ప్రోగ్రాములో ఫైళ్ళను ఇమడ్చడం

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయం కోసం గో భాషలో చిన్న వెబ్ ప్రోగ్రాము రాశాను. పేజీలు, సీఎస్ఎస్, తెలుగు ఫాంటు అన్నీ ‘స్టాటిక్’ అనే ఫోల్డరులో ఉన్నాయి. నా కంప్యూటరులో చక్కగా పనిచేస్తుంది. సర్వరులో సిస్టమ్‌డీ (లినక్స్‌లో ప్రోగ్రాములను వెనుక నుంచి నడిపే వ్యవస్థ) సేవగా పెడితే మాత్రం ప్రోగ్రాము నడుస్తూనే ఉంటుంది, పేజీలన్నీ 404, అంటే ‘పేజీ దొరకలేదు’, అంటాయి. ఫైళ్ళను ప్రోగ్రాములోనే ఇమడ్చవచ్చని విన్నాను. అది మంచి పద్ధతేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ ప్రోగ్రాము ‘స్టాటిక్’ ఫోల్డరును తానున్న చోట వెతకదు, తనను ఏ డైరెక్టరీ నుంచి నడిపారో అక్కడ వెతుకుతుంది. మీరు ప్రాజెక్టు ఫోల్డరులో ఉండి నడుపుతారు కాబట్టి మీ దగ్గర అది దొరుకుతుంది. సిస్టమ్‌డీ సేవలకు వేరే ఏమీ చెప్పకపోతే అన్నిటికంటే పై డైరెక్టరీయే పని స్థలమవుతుంది, అక్కడ మీ ఫోల్డరు లేదు. సర్వీసు ఫైలులో ‘వర్కింగ్‌డైరెక్టరీ’ అనే ఒక్క వరుస చేర్చినా ఇబ్బంది తీరుతుంది. అయినా, ప్రోగ్రాముతోపాటే పుట్టి దానితోపాటే మారే పేజీలు, ఫాంట్లు ప్రోగ్రాములోనే ఉండటం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అప్పుడు సర్వరుకు పంపవలసింది ఒకే ఫైలు, పాత సీఎస్ఎస్ కొత్త ప్రోగ్రాముతో కలిసిపోయే ప్రమాదమూ ఉండదు.

ఈ అవసరం కొత్తది కాదు. సీ భాషలో రాసేవారు ‘ఎక్స్‌ఎక్స్‌డీ’ అనే పనిముట్టుతో ఫైలును బైట్ల వరుసగా మార్చి సోర్సులో చేర్చుకునేవారు. సీ23 ప్రమాణంలో దీనికోసం నేరుగా ‘#ఎంబెడ్’ వచ్చింది. గోలో కూడా మొదట ‘గో-బిన్‌డేటా’ వంటి బయటి పనిముట్లే దిక్కుగా ఉండేవి. 2021 ఫిబ్రవరిలో విడుదలైన గో 1.16 వెర్షను నుంచి ‘ఎంబెడ్’ ప్యాకేజీ భాషతోపాటే వస్తోంది. దాన్ని ఇంపోర్ట్ చేసుకుని, ఫంక్షన్ల బయట ‘ఎంబెడ్.ఎఫ్ఎస్’ రకపు వేరియబుల్ ఒకటి ప్రకటించి, దానికి సరిగ్గా పైన ‘//గో:ఎంబెడ్ స్టాటిక్’ అని రాస్తే చాలు. (కోడులో ఇవన్నీ ఆంగ్ల అక్షరాలే అని వేరుగా చెప్పనక్కరలేదు.)

ఇక్కడ రెండు గీతలకూ ‘గో’కూ మధ్య ఖాళీ ఉండకూడదు. ఒక్క స్పేసు పడిందా, కంపైలరు దాన్ని మామూలు వ్యాఖ్యగా భావించి వదిలేస్తుంది. కంపైలు కావడంలో ఏ లోపమూ కనబడదు, వేరియబుల్ మాత్రం ఖాళీగా మిగులుతుంది, మీరు మళ్ళీ అదే 404 ముందు కూర్చుంటారు. ఇమిడిన ఫైళ్ళ పేర్లు ‘స్టాటిక్/’తోనే మొదలవుతాయి కాబట్టి, ఆ ముందుభాగం చిరునామాలో వద్దనుకుంటే ‘ఎఫ్ఎస్.సబ్’ ఫంక్షనుతో తీసివేయాలి. ప్యాకేజీ ఫోల్డరుకు పైనున్న ఫైళ్ళను ఈ పద్ధతిలో తెచ్చుకోలేము, రెండు చుక్కల దారిని అది ఒప్పుకోదు.

ఒక నష్టం కూడా చెప్పాలి. ఇమిడిన ఫైళ్ళకు మార్పు తేదీ ఉండదు కాబట్టి ఫైలు ఎప్పుడు మారిందో బ్రౌజరుకు చెప్పే ‘లాస్ట్-మాడిఫైడ్’ హెడరును గో ఫైల్ సర్వరు పంపదు. ఫైలు మారిందో లేదో అడిగి తెలుసుకునే వీలు బ్రౌజరుకు ఉండదు. ఒత్తులు, గుణింతాల రూపాలన్నీ మోసే తెలుగు ఫాంటు ఎటూ బరువైనదే, దాన్ని పదేపదే దింపించడం పాఠకుల డేటాను వృథా చేయడమే. ఫాంటు పేరులో వెర్షను సంఖ్య పెట్టి, ఫైలును ఎంతకాలం దాచుకోవచ్చో బ్రౌజరుకు చెప్పే ‘క్యాష్-కంట్రోల్’ హెడరును మీరే పంపండి.

ప్రశ్న: కథల ఫోల్డరు మొత్తాన్ని ఇమిడ్చాను. ‘కథ.హెచ్‌టీఎంఎల్’ తెరుచుకుంటోంది, పక్కనే ఉన్న ‘కథలు.హెచ్‌టీఎంఎల్’ తెరుచుకోవడం లేదు. ఫైళ్ళ పేర్లు రెండూ తెలుగులోనే ఉన్నాయి. కంపైలరు ఒక్క మాట అనలేదు.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: తేడా అంతా ‘లు’లోని కొమ్ము దగ్గర ఉంది. ఇమడ్చదగిన ఫైలు పేరులో ఆంగ్లేతర అక్షరమేదైనా ఉంటే అది యూనికోడ్ (అన్ని లిపుల గుర్తులకూ సంఖ్యలిచ్చే ప్రమాణం) లెక్కలో ‘అక్షరం’ అయి తీరాలని గో నియమం. క, థ, ల అక్షరాలే. గుణింతపు గుర్తులు, పొల్లు మాత్రం యూనికోడ్‌లో అక్షరాలు కావు, అక్షరానికి తగిలే చిహ్నాలుగా వేరే వర్గంలో ఉన్నాయి. అందుకే ‘కథ’ లోపలికి వచ్చింది, ‘కథలు’ బయట నిలిచింది. ‘అమ్మ’ అని పేరు పెట్టినా, ఒత్తు వెనుక పొల్లు దాగి ఉంటుంది కాబట్టి, అదే గతి. గో మాడ్యూళ్ళు అన్ని ఆపరేటింగ్ సిస్టముల్లోనూ విప్పుకోవాలన్న జాగ్రత్తతో పెట్టిన నియమమిది. ఉద్దేశం సరైనదే గాని, గుణింతాలు లేకుండా పేరు రాయలేని మన లిపుల విషయంలో ఇది అన్యాయంగానే ఉంది.

ఆ ఫైలును పేరు పెట్టి అడిగితే, పేరు చెల్లదని గో స్పష్టంగా చెప్పి ఆగిపోతుంది. ఫోల్డరును మొత్తంగా అడిగినప్పుడు మాత్రం చెల్లని పేర్లను చడీచప్పుడు లేకుండా దాటవేస్తుంది. చుక్కతోనో అండర్‌స్కోరుతోనో మొదలయ్యే ఫైళ్ళనూ అలాగే వదిలేస్తుంది, అవి కావాలంటే 1.18 నుంచి ఫోల్డరు పేరు ముందు ‘ఆల్:’ అని చేర్చవచ్చు. తెలుగు పేర్లకు ఈ ‘ఆల్:’ కూడా పనికిరాదు. ఫైళ్ళకు ఆంగ్ల అక్షరాల పేర్లు పెట్టి, తెలుగు చిరునామాను ఆ పేరుకు జతచేసే చిన్న మ్యాపును ప్రోగ్రాములో ఉంచుకోండి. చదివేవారికి తెలుగు చిరునామాయే కనబడుతుంది. నిజంగా ఏవి ఇమిడాయో చూడాలంటే ‘గో లిస్ట్’ ఆదేశాన్ని ‘ఎంబెడ్‌ఫైల్స్’ ఫీల్డు అడుగుతూ నడపండి, జాబితా మొత్తం ఇస్తుంది.

ప్రశ్న: డేటాబేసు పాస్‌వర్డు ఉన్న ఫైలును కూడా ఇలాగే ఇమిడ్చి దాచవచ్చా?
– ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: వద్దు. ఇమడ్చడం దాచడం కాదు. ప్రోగ్రాము ఫైలు ఎవరి చేతికి చిక్కినా ‘స్ట్రింగ్స్’ అనే ఆదేశంతో అందులోని పాఠాన్నంతా బయటికి తీయగలరు. పైగా పాస్‌వర్డు మార్చిన ప్రతిసారీ మళ్ళీ కంపైలు చేయవలసి వస్తుంది. దాన్ని సర్వరులోనే, ఆ సేవకు మాత్రమే చదివే అనుమతి ఉన్న ఫైలులో ఉంచండి.