టెక్ సందేహాలు: మీ క్యాప్చర్ స్టిక్‌లో ఏ చిప్ ఉంది?

మా పెళ్లినాటి వీహెచ్‌ఎస్ క్యాసెట్లను యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నా. సీడీలో ఇచ్చిన డ్రైవర్ పనిచేయలేదు. వేరేది వేస్తే బొమ్మ నలుపు తెలుపులో వస్తూ పైకి జారుతోంది. స్టిక్ పాడైందా? (ఓ పాఠకుడు, హనుమకొండ)

పాడైనట్టు లేదండి. చూడ్డానికి ఒకేలా ఉండే ఈ స్టిక్‌లలో కనీసం నాలుగు రకాల చిప్‌లు వస్తాయి. ఒకదాని డ్రైవర్ ఇంకోదానికి పనికిరాదు. డివైజ్ మేనేజర్‌లో స్టిక్‌పై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. వీఐడీ (తయారీ సంస్థ నంబరు) 05ఈ1, పీఐడీ (పరికరం నంబరు) 0408 ఉంటే అది ఎస్‌టీకే1160. 1బీ71, 3002 అయితే యూటీవీ007. వీఐడీ ఈబీ1ఏ అయితే ఎంపియా, 1సీ88 అయితే సోమాజిక్. ఆ చిప్ పేరుతోనే డ్రైవర్ వెతకండి. లినక్స్‌లో మొదటి రెండింటికీ డ్రైవర్ కెర్నల్‌లోనే, అంటే సిస్టమ్ ప్రధాన భాగంలోనే ఉంది.

ఇక రంగు సంగతి. డ్రైవర్ ఎన్‌టీఎస్‌సీలో, అంటే అమెరికా టీవీ పద్ధతిలో ఉండిపోయి ఉంటుంది. మన క్యాసెట్లు పాల్ (పీఏఎల్) పద్ధతివి: 625 లైన్లు, సెకనుకు 25 ఫ్రేములు, రంగు సిగ్నల్ 4.43 మెగాహెర్ట్జ్. ఎన్‌టీఎస్‌సీలో అవి 525, దాదాపు 30, 3.58. చిప్‌కు రంగు సిగ్నల్ చిక్కక దాన్ని వదిలేస్తుంది, లైన్ల లెక్క కుదరక బొమ్మ జారుతుంది. ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో కాన్ఫిగర్ వీడియోలోకి వెళ్లి వీడియో స్టాండర్డ్ పాల్_బీ, సైజు 720×576, 25 ఫ్రేములు పెట్టండి. అయినా రంగు రాకపోతే, పసుపు (కాంపోజిట్) వైరు పెట్టి ఇన్‌పుట్ ఎస్-వీడియో అని వదిలేశారేమో చూడండి. అమెరికా నుంచి బంధువులు పంపిన క్యాసెట్‌కు మాత్రం ఎన్‌టీఎస్‌సీయే పెట్టాలి.

కుదించకుండా రికార్డు చేస్తే సెకనుకు 20.7 ఎంబీ, గంటకు సుమారు 75 జీబీ పడుతుంది. హఫ్‌వైయూవీ అనే కుదింపు కోడెక్ వాడితే నాణ్యత తగ్గకుండానే ఇది బాగా తగ్గుతుంది. రికార్డింగ్‌లో బొమ్మ ఎత్తు 576 నుంచి మార్చొద్దు, ఫ్రేములో విడివిడిగా వచ్చే సరి, బేసి లైన్లు కలగలిసిపోతాయి, మళ్లీ విడదీయలేం. ఆ లైన్లను పూర్తి ఫ్రేములుగా మార్చే డీఇంటర్‌లేస్ తర్వాత చేసుకోవచ్చు.

స్టిక్‌ను హబ్‌కు కాకుండా నేరుగా సీపీయూ వెనక పోర్టుకు పెట్టండి. పది నిమిషాలు రికార్డు చేసి డ్రాప్డ్ ఫ్రేమ్స్ (రికార్డు కాకుండా పోయిన ఫ్రేములు) అంకె చూడండి. అది పెరుగుతుంటే మాట, పెదవుల కదలిక విడిపోతాయి. సాగిన టేపులో సింక్ సిగ్నల్ (ఫ్రేములు, లైన్ల మొదలు చెప్పే సిగ్నల్) ఊగడమే తరచూ దీనికి కారణం. టీబీసీ (ఆ ఊగే సిగ్నల్‌ను సరిచేసే టైమ్ బేస్ కరెక్టర్) ఉన్న వీసీఆర్ దొరికితే ఈ బాధ చాలావరకు తీరుతుంది.

బీటీ878 చిప్ ఉన్న పాత పీసీఐ టీవీ ట్యూనర్ కార్డుకు కేబుల్ వైరు పెడితే చుక్కలే వస్తున్నాయి. (కరీంనగర్ నుంచి)

కార్డు తప్పు కాదు. అనలాగ్ కేబుల్ ప్రసారాలకు చివరి గడువు 2017 మార్చి 31. ఇప్పుడు వైరులో వచ్చేది డిజిటల్ సిగ్నల్, దాన్ని బీటీ878 చదవలేదు. సెట్‌టాప్ బాక్స్ ఏవీ అవుట్ నుంచి పసుపు వైరును కార్డులోని కాంపోజిట్ ఇన్‌పుట్‌కు, ఎరుపు, తెలుపు వైర్లను సౌండ్‌కార్డు లైన్-ఇన్‌కు పెట్టండి. 64 బిట్ విండోస్‌లో ఈ కార్డుకు డ్రైవర్ దొరకడం కష్టం. లినక్స్‌లో బీటీటీవీ డ్రైవర్‌తో నడుస్తుంది.