అమ్మాయిలు తోటి అమ్మాయిల ఫొటోలు తీస్తే అందులో సాధికారత ఏముంది?

ఫొటోలో ఎలా కనిపించాలో ఎవరు నిర్ణయిస్తున్నారన్నదే ఇక్కడ అసలు విషయం. కెనడాలోని టొరంటోలో 1992లో పుట్టిన ఫొటోగ్రాఫర్ పెట్రా కాలిన్స్‌నే తీసుకోండి. 15 ఏళ్లకే కెమెరా పట్టింది. సొంత చెల్లెలు, స్నేహితురాళ్లే మోడళ్లు. స్టూడియో హంగులేం లేవు, 35 ఎంఎం ఫిల్మ్ మీద టీనేజీ అమ్మాయిల గదులు, పార్టీలు, విసుగు ముఖాలు. ప్రకటనల్లోలా నవ్వుతూ నిలబడక్కర్లేదు. ఎదురుగా ఉన్నది తమలో ఒకతె కాబట్టి కెమెరా ముందు ఆ బిగుసుకుపోవడం తగ్గుతుంది. 2010లో యువ కళాకారిణుల కోసం 'ది ఆర్డరస్' అనే వెబ్‌సైట్ కూడా మొదలుపెట్టింది.

2013లో పెట్రా నడుము కింది భాగం కనిపించేలా, బికినీలో తన ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. షేవ్ చేయని వెంట్రుకలు కొద్దిగా కనిపించాయి, అంతే. ఇన్‌స్టాగ్రామ్ సంస్థ ఆమె అకౌంట్‌నే లేపేసింది. అంతకంటే పొట్టి బట్టల ఫొటోలు అక్కడ బోలెడు ఉండగా!

అలాగని అమ్మాయి తీసిన ప్రతి ఫొటో సాధికారతే అనడం నాకు అతిగా అనిపిస్తుంది. మీరూ ప్రయత్నిస్తుంటే, తీసిన వెంటనే స్క్రీన్ చూపించి 'ఉంచనా, తీసేయనా?' అని ఆ అమ్మాయినే అడగండి. 'తీసెయ్' అంటే మారుమాట లేకుండా తీసేయాలి.