మా ఆయనకు ఇండియాలో గ్రీన్ కార్డు ఇప్పించగలనా?

ప్రశ్న: మాది కాకినాడ. చదువుకోడానికి డబ్లిన్ వెళ్లి అక్కడే ఉద్యోగంలో కుదిరాను. 2021 ఆగస్టులో అక్కడి రిజిస్ట్రార్ ఆఫీసులో ఐర్లాండ్ అబ్బాయిని పెళ్లి చేసుకున్నాను. ఆయన క్యాథలిక్. నాది ఇప్పటికీ ఇండియన్ పాస్‌పోర్టే. మూడేళ్ల బాబు ఉన్నాడు, వాడికి పుట్టగానే ఐరిష్ పాస్‌పోర్టు తీశాం. నాన్నకు పక్షవాతం రావడంతో ముగ్గురం వచ్చేశాం, ఇక ఇక్కడే ఉండిపోదామనుకుంటున్నాం. మా ఆయన, బాబు ఈ-టూరిస్ట్ వీసా మీద వచ్చారు. ఐర్లాండ్ పెళ్లి ఇక్కడ చెల్లదని ఒక ఏజెంట్ అంటున్నాడు. అన్నవరంలో మళ్లీ తాళి కట్టించి హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయిస్తే పర్మనెంట్ రెసిడెన్సీ త్వరగా వస్తుందట. మతం మారినట్టు కాగితం కూడా తనే తెప్పిస్తాడట. నేను ఆయనను స్పాన్సర్ చేయవచ్చా? హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఆయనకు ఉద్యోగం ఇస్తానంటోంది, చేరవచ్చా? నేను కూడా ఐరిష్ పౌరసత్వం తీసుకుంటే పని తేలికవుతుందా? నాన్న తన రెండెకరాల పొలం మా ఇద్దరి పేరా రాస్తానంటున్నారు. ఈ టెన్షన్‌తో రాత్రుళ్లు నిద్ర ఉండటం లేదు.

జవాబు: ముందుగా ఒక మాట చెబుతానమ్మా. ఆ ఏజెంట్‌కు డబ్బు కట్టకండి, ఆయన చెప్పిన ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. మీ పరిస్థితి మీరు భయపడుతున్నంత చిక్కుగా లేదు. ఆయన చెప్పినట్టు చేస్తే మాత్రం చిక్కుల్లో పడుతుంది.

అమెరికాలో గ్రీన్ కార్డు లాగా, భార్యనో భర్తనో స్పాన్సర్ చేసి పర్మనెంట్ రెసిడెన్సీ ఇప్పించే పద్ధతి మన దేశంలో లేదు. 2016లో ఆ పేరుతో ఒక పథకం వచ్చింది కానీ అది విదేశీ పెట్టుబడిదారులది. పద్దెనిమిది నెలల్లో 10 కోట్లో, మూడేళ్లలో 25 కోట్లో పెట్టుబడి పెట్టినవారికి వర్తిస్తుంది. మీకు దానితో పని లేదు. భారతీయుల జీవిత భాగస్వాములకు ఉన్న దారి వేరు. మొదట ఎక్స్ వీసా, అంటే భారతీయుల కుటుంబసభ్యులు వంటివారికి ఇచ్చే ఎంట్రీ వీసా. పెళ్లి రిజిస్టరై రెండేళ్లు నిండితే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు. ఆ తర్వాత ఎప్పటికైనా, ఇష్టముంటేనే, భారత పౌరసత్వం. మీ వారికి కావలసింది ఓసీఐ. అది జీవితకాల వీసా. అది చేతిలో ఉంటే ఎన్నేళ్లయినా ఇక్కడ ఉండవచ్చు, ఎన్నిసార్లయినా వచ్చిపోవచ్చు, విదేశీయుల నమోదు కార్యాలయమైన ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ దగ్గర రిజిస్ట్రేషన్ అవసరం ఉండదు.

అన్నిటికంటే తొందరగా చూడాల్సింది వీసా గడువు. మీ వారి వీసా, బాబు వీసా రెండూ తీసి, గడువు తేదీతో పాటు ఒక్క రాకలో ఎన్ని రోజులు ఉండవచ్చో కూడా ఈ రోజే చూడండి. వీసా ఐదేళ్లది కదా అని ధీమాగా ఉండి, ఒక విడతలో ఉండదగిన రోజులు దాటించుకున్నవాళ్లను చూశాను. విదేశీయులకు సంబంధించిన పాత చట్టాలన్నిటి స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుంచి ఇమిగ్రేషన్ అండ్ ఫారినర్స్ చట్టం అమల్లోకి వచ్చింది. గడువు దాటి ఉండిపోవడం దాని ప్రకారం నేరం, జైలు శిక్ష దాకా వెళ్లవచ్చు. పైగా ఆ మచ్చ రేపు ఓసీఐ విచారణలో ఎదురుగా వచ్చి నిలుచుంటుంది.

టూరిస్ట్ వీసాను మామూలుగా మరో వీసాగా మార్చరు. భారతీయుల భార్యకో భర్తకో మాత్రం దాన్ని ఎక్స్-2 వీసాగా మార్చమని ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టుకునే వీలుంది. మీ పిల్లవాడికీ అదే కోవలో అడగండి. అయితే ఇది అధికారి విచక్షణ మీద ఆధారపడిన పని, కాబట్టి గడువు చివరి వారం దాకా ఆగకండి. రోజులు మరీ తక్కువగా ఉంటే, గడువు లోపలే డబ్లిన్ వెళ్లి అక్కడి భారత రాయబార కార్యాలయంలో ఎక్స్ వీసా వేయించుకుని రావడం మేలు. ఖర్చవుతుంది, నాన్నగారిని ఈ స్థితిలో వదిలి కదలడం కష్టమూ అవుతుంది. అయినా ఓవర్‌స్టే కంటే అది నయం. 180 రోజులకు మించిన వీసాతో వచ్చినవారు దిగిన 14 రోజుల్లోగా ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో రిజిస్టర్ చేసుకోవాలి, దీన్ని చాలామంది మరిచిపోతారు. ఇంకొకటి, విదేశీయులు హోటల్లో దిగితే వారి వివరాలను హోటల్‌వాళ్లే ప్రభుత్వానికి పంపుతారు, దీన్ని ఫారం-సి అనేవారు. అత్తవారింట్లో ఉంటే ఆ బాధ్యత ఇంటివారిది. నాన్నగారి తరఫున అది ఆన్‌లైన్‌లో నింపారో లేదో చూసుకోండి.

ఇక పెళ్లి సంగతి. దీని గురించే కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే మిగతా అన్ని దరఖాస్తులూ ఈ ఒక్క కాగితం మీదే నిలబడతాయి.

ఐర్లాండ్‌లో అక్కడి చట్టం ప్రకారం రిజిస్ట్రార్ ముందు జరిగిన మీ పెళ్లి ఇక్కడ చెల్లుతుంది. విదేశాల్లో భారతీయులు చేసుకునే పెళ్లిళ్ల కోసం మనకు 1969 నాటి విదేశీ వివాహ చట్టం ఉంది. ఆ చట్టం కింద కాకుండా వేరే విధంగా అక్కడ చేసుకున్న పెళ్లి చెల్లుబాటుకు భంగం లేదని దాని 27వ సెక్షనే చెబుతోంది. అంటే మీకు 2021 నుంచే రిజిస్టరైన పెళ్లి ఉంది.

హిందూ వివాహ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది. ఒకరు క్రైస్తవులైతే గుళ్లో తాళి కట్టినా, సబ్‌రిజిస్ట్రార్ ముద్ర వేసినా ఆ పెళ్లి ఆ చట్టం కింద పెళ్లి కాదు. ఇది నా అభిప్రాయం కాదు. మన ఆంధ్ర నుంచే వెళ్లిన ఒక కేసులో 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చిన విషయం. అమ్మాయి హిందువు, అబ్బాయి రోమన్ క్యాథలిక్. గుడిలో తాళి కట్టారు, తర్వాత హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ కూడా చేయించారు. ఆ పెళ్లి చెల్లదనే కోర్టు చెప్పింది. 2024లో ఇంకో కేసులో, అసలు పెళ్లి తంతు జరగకుండా తెచ్చుకున్న సర్టిఫికెట్ పెళ్లికి రుజువు కాదని కూడా సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండిటి తర్వాత కూడా ఇలాంటి సర్టిఫికెట్లు ఇప్పిస్తామని తిరిగేవాళ్లు ఉండటం నాకు చాలా బాధ కలిగిస్తుంది. డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. చెల్లని పెళ్లి కాగితం ఒక కుటుంబాన్ని ఎన్నేళ్లు కోర్టుల చుట్టూ తిప్పుతుందో వాళ్లకు పట్టదు.

మీ విషయంలో దీనివల్ల జరిగే నష్టం ఇంకొకటి ఉంది. మళ్లీ పెళ్లి చేసుకున్నట్టు కాగితం పుట్టిస్తే, మీ చేతిలో రెండు తేదీలతో రెండు సర్టిఫికెట్లు ఉంటాయి. ఏది అసలు పెళ్లి అని అధికారి అడుగుతాడు. 2021 పెళ్లితో ఎప్పుడో నిండిపోయిన రెండేళ్లను, కొత్త తేదీ నుంచి మొదలుపెట్టి మళ్లీ లెక్కపెట్టుకోవాల్సి రావచ్చు. ఇక మనసులో లేని మతమార్పిడిని కాగితం మీద చూపించడం, దాన్ని ప్రభుత్వానికి సమర్పించడం, ఎంత తొందరలోనూ చేయకూడని పని. దేవుడి ముందు ఒకసారి కూర్చోవాలని ఇంట్లో పెద్దవాళ్లకు కోరిక ఉంటే అన్నవరం వెళ్లి సత్యనారాయణ వ్రతం చేసుకోండి. రిజిస్ట్రేషన్ జోలికి మాత్రం వెళ్లకండి.

ఇంకా పెళ్లి కానివారు ఎవరైనా ఇది చదువుతుంటే వారికి ఒక్క మాట. విదేశీయులను ఇక్కడ పెళ్లాడాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టమే సరైన దారి. ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో 30 రోజులు నివసించి నోటీసు ఇవ్వాలి, ఆ తర్వాత అభ్యంతరాల కోసం మరో 30 రోజులు ఆగాలి.

ఓసీఐ దగ్గరికి వద్దాం. పౌరసత్వ చట్టంలోని 7ఎ సెక్షన్ ప్రకారం, భారత పౌరుల విదేశీ భార్యకు గానీ భర్తకు గానీ, పెళ్లి రిజిస్టరై, దరఖాస్తుకు ముందు రెండేళ్లపాటు ఎడతెగకుండా సాగి ఉంటే కార్డు ఇవ్వవచ్చు. మీకు ఆ రెండేళ్లు ఎప్పుడో నిండాయి. పాకిస్థాన్, బంగ్లాదేశ్ పౌరులకు, ఒకప్పుడు ఆ పౌరసత్వం ఉన్నవారికి, వారి సంతతికి ఈ దారి లేదు. అది మీకు వర్తించదు. ఐరిష్ పెళ్లి సర్టిఫికెట్‌కు అక్కడి విదేశాంగ శాఖ చేత అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర) వేయించి తెప్పించుకోండి. మీ పాస్‌పోర్టులో భర్త పేరు లేకపోతే ముందుగా ఆ పేరు చేర్పించి కొత్తది తీసుకోండి. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఫైళ్లు ఎక్కువగా ఆగేది ఇలాంటి చోటే. పేర్ల స్పెల్లింగు, ఇంటి పేరు అన్ని కాగితాల్లో ఒకేలా ఉండాలి. ఇక్కడ నుంచి పెడితే ఫీజు 15,000 రూపాయలు, ఆన్‌లైన్‌లో కడతారు.

జీవిత భాగస్వామి కేసుల్లో కార్డు ఇచ్చే ముందు భద్రతా విచారణ చట్ట ప్రకారం తప్పనిసరి. మీ ఇద్దరినీ పిలిచి మాట్లాడవచ్చు, పోలీసులు ఇంటికి రావచ్చు. దానికి కంగారు పడవద్దు. ఇద్దరూ కలిసి ఉంటున్నట్టు చూపించే ఫోటోలు, డబ్లిన్ ఇంటి అద్దె కాగితాలు, జాయింట్ బ్యాంకు ఖాతా, బాబు పుట్టిన సర్టిఫికెట్ ఒక ఫైల్లో పెట్టుకోండి.

ఉద్యోగం గురించి. టూరిస్ట్ వీసా మీద గానీ ఎక్స్ వీసా మీద గానీ ఆయన ఆ హైదరాబాద్ కంపెనీలో చేరకూడదు. ట్రైనింగ్ అని, కన్సల్టెంట్ అని పేరు మార్చి జీతం తీసుకున్నా తప్పే. ఆ కంపెనీ ఆగలేనంటే, ఎంప్లాయ్‌మెంట్ వీసాకు ఆయన అర్హులవుతారేమో వాళ్లనే చూడమనండి. ఓసీఐ వచ్చాక ఈ సమస్య ఉండదు, ప్రైవేటు ఉద్యోగం నిరభ్యంతరంగా చేసుకోవచ్చు. ప్రభుత్వోద్యోగం, ఓటు హక్కు ఉండవు. మత ప్రచారం, పరిశోధన, జర్నలిజం వంటి పనులకు విడిగా అనుమతి కావాలి.

ఐరిష్ పౌరసత్వం మీరు తీసుకోవద్దనే నా సలహా, కనీసం ఇప్పుడు కాదు. మరో దేశ పౌరసత్వం స్వచ్ఛందంగా తీసుకున్న క్షణం నుంచి, పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, మీ భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. అప్పుడు మీరే ముందు ఓసీఐకి దరఖాస్తు పెట్టుకోవాలి, ఆ తర్వాత ఓసీఐ కార్డున్న మీకు భర్తగా మీ వారు పెట్టుకోవాలి. తేలిక కావడం మాట అటుంచి, రెండు పనులవుతాయి. ఆయన భారత పౌరసత్వం మాట అంటారా, పెళ్లి ఆధారంగా అడగాలంటే ఇక్కడ ఏడేళ్ల నివాసం కావాలి, ఐరిష్ పాస్‌పోర్టు వదులుకోవాలి. దాని గురించి ఇప్పుడు ఆలోచించనక్కర లేదు.

బాబు విదేశంలో పుట్టాడు, వాడికి ఐరిష్ పాస్‌పోర్టు ఉంది కాబట్టి భారత పౌరుడిగా లెక్కకు రాడు. తల్లిదండ్రుల్లో ఒకరు భారత పౌరులైతే మైనర్ పిల్లలకు ఓసీఐ ఇస్తారు. వాడికి రెండేళ్ల నిబంధన లేదు. వాడి దరఖాస్తు తండ్రి దాని కోసం ఆపకుండా ముందే పెట్టేయండి.

కార్డు వచ్చాక కూడా ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మీ వారి పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ మూడు నెలల్లోగా కొత్తది, ఫోటో, పెళ్లి కొనసాగుతోందన్న డిక్లరేషన్, మీ పాస్‌పోర్టు కాపీ వెబ్‌సైట్‌లో ఎక్కించాలి. విడాకులైతే ఈ కార్డును రద్దు చేసే అధికారం 7డి సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. ఇక్కడే పిల్లలను పెంచుకుంటూ స్థిరపడిన విదేశీ తల్లికో తండ్రికో అది ఎంత పెద్ద దెబ్బో ఆలోచిస్తే, ఈ నిబంధన కఠినమైనదనే నేను అనుకుంటాను. అయినా చట్టం ఉన్నది ఉన్నట్టు మీకు తెలియాలి.

చివరిగా పొలం. మీ వారి పేరు అందులో కలపవద్దు. ఓసీఐ వచ్చినా వ్యవసాయ భూమి కొనే హక్కు గానీ, గిఫ్టుగా తీసుకునే హక్కు గానీ రాదు. మీరు భారత పౌరులే అయినా, విదేశీ మారక చట్టమైన ఫెమా లెక్కలో ఎన్‌ఆర్‌ఐగా ఉన్నంతకాలం సాగు భూమిని గిఫ్టుగా తీసుకోకూడదు. మీ బ్యాంకు ఖాతాలు ఇంకా ఎన్‌ఆర్‌ఐవే అయితే, ముందు మీరు ఇక్కడి రెసిడెంట్ అయినట్టు ఆడిటర్ చేత తేల్చుకుని, ఖాతాలు మార్పించుకోండి. అంతదాకా నాన్నగారి మనసులో మాట నెరవేరాలంటే వీలునామా మంచి దారి. వారసత్వంగా వచ్చే పొలానికి ఈ అడ్డంకి లేదు. ఆయన చెయ్యి కదపలేకపోతే వేలిముద్ర వేయవచ్చు. ఇద్దరు సాక్షులు ఆయన వేస్తుండగా చూసి సంతకాలు చేయాలి. ఆయన స్పృహలో, తెలివితో ఉన్నారని చూస్తున్న డాక్టరు చేత అదే రోజు సర్టిఫికెట్ రాయించుకోండి. రిజిస్టర్ చేయించాలనుకుంటే ఆయనను ఆఫీసు దాకా మోసుకెళ్లనక్కర లేదు, కారణం చూపి అడిగితే సబ్‌రిజిస్ట్రార్ ఇంటికే వస్తారు.