ఇక్కడ నగలు కుదువ పెట్టి, అక్కడ బీమా తగ్గించుకోవద్దు

ప్రశ్న: తిరుపతిలో ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయికి 27 ఏళ్లు. ఎంఎస్ పూర్తయ్యాక డల్లాస్‌లో ఉద్యోగం వచ్చింది. 13 వేల డాలర్లకు ఒక సెకండ్ హ్యాండ్ కారు చూసుకున్నాడు. క్రెడిట్ హిస్టరీ సరిగా లేదని కారు లోన్‌కు 13 శాతం వడ్డీ అడుగుతున్నారు. పైగా లోన్ మీద కొంటే సొంత కారు నష్టానికి కూడా వచ్చే ‘ఫుల్ కవరేజ్’ బీమా తీసుకోవాల్సిందేనట, నెలకు 225 డాలర్లు. సొంత డబ్బుతో కొంటే ఎదుటివారి నష్టానికి మాత్రమే వచ్చే కనీస లయబిలిటీ బీమా చాలు, 120 డాలర్లతో పోతుందంటున్నాడు. ఇక్కడ ఏడేళ్లు కారు నడిపాడు, ఒక్క క్లెయిమ్ లేదు, 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంది. అక్కడ అదేదీ లెక్కలోకి తీసుకోవడం లేదు. అమ్మాయి పెళ్లికని చేయించిన నగల మీద 9 శాతానికి 12 లక్షలు తెచ్చి పంపితే నెలనెలా తీరుస్తానంటున్నాడు. వడ్డీలో 4 శాతం, బీమాలో నెలకు 105 డాలర్లు మిగులుతాయి. ఈ లెక్క సరైనదేనా?

జవాబు: కూడికలు, తీసివేతలు సరిగ్గానే ఉన్నాయి సార్. చేయబోయే పని మాత్రం తప్పు. దయచేసి నగలు లాకర్‌లోంచి తీయకండి.

మీ ఉత్తరానికే జవాబు రాయడానికి కారణం ఉంది. తిరుపతి, చిత్తూరు వైపు నుంచి పిల్లల్ని అమెరికా పంపిన తల్లిదండ్రులు అడిగేది ఎక్కువగా వడ్డీ గురించే. ఎక్కడ తక్కువకు దొరుకుతుంది, ఎలా పంపాలి, ఎంత పంపవచ్చు. కారు బీమా సంగతి వస్తే, అదొక దండగ ఖర్చు, ఎంత తగ్గిస్తే అంత మంచిది అన్నట్టు మాట్లాడతారు. మీరూ 105 డాలర్లు ‘మిగులుతాయి’ అని రాశారు. అవి మిగలడం లేదు. నెలకు 105 డాలర్ల కోసం, బీమా కంపెనీ మోయాల్సిన బరువును మీ అబ్బాయి నెత్తికెత్తుకుంటున్నాడు. అతని వెనక మీరున్నారు కాబట్టి చివరికి అది మీ ఇంటికే వస్తుంది.

మనవాళ్లు పొరబడేది ఎక్కడంటే, మన థర్డ్ పార్టీ బీమాలాంటిదే అక్కడి కనీస లయబిలిటీ కూడా అనుకుంటారు. ఇక్కడ మన కారు తగిలి ఎవరైనా గాయపడినా, ప్రాణం పోయినా, ట్రైబ్యునల్ ఎంత పరిహారం తేలిస్తే అంతా బీమా కంపెనీయే కడుతుంది. లైసెన్స్ లాంటి షరతులు సరిగ్గా ఉంటే చాలు, ఆ మొత్తానికి పైహద్దు లేదు. ఎదుటివారి ఆస్తి నష్టానికి మాత్రమే 7.5 లక్షల హద్దు ఉంది. అందుకే మనకు ‘ఇన్సూరెన్స్ ఉంది’ అనే మాట వినగానే ధైర్యం వచ్చేస్తుంది.

డల్లాస్ ఉన్న టెక్సస్ రాష్ట్రంలో చట్టం అడిగే కనీస లయబిలిటీ 30/60/25. అంటే, తప్పు మీ అబ్బాయిదైతే గాయపడిన ఒక్కొక్కరికి 30 వేల డాలర్ల వరకు, ఆ ప్రమాదం మొత్తానికి ఎంతమంది గాయపడినా 60 వేల వరకు, ఎదుటివారి కారుకు, ఇతర ఆస్తికి 25 వేల వరకు బీమా కంపెనీ ఇస్తుంది. అక్కడితో దాని బాధ్యత తీరిపోతుంది. ఆపైన తేలినదంతా కారు నడిపినవాడిదే.

25 వేల డాలర్లు వినడానికి పెద్ద మొత్తమే. డల్లాస్ రోడ్ల మీద 45, 50 వేల డాలర్ల పికప్ ట్రక్కులు మామూలు. 45 వేల బండి పూర్తిగా దెబ్బతింటే కంపెనీ 25 వేలు ఇస్తుంది, మిగిలిన 20 వేలు మీ అబ్బాయి మీద పడతాయి. మన డబ్బులో 18 లక్షల దాకా. అందులో ఇద్దరు ఆసుపత్రి పాలైతే సంగతి వేరే చెప్పాలా? అంబులెన్స్, ఎమర్జెన్సీ, స్కాన్లు, ఒక ఆపరేషన్ అయ్యేసరికి మనిషికి 30 వేల డాలర్లు దాటడం అక్కడ వింతేమీ కాదు. వాళ్లు కోర్టుకు వెళ్లి తీర్పు తెచ్చుకుంటే బ్యాంకు ఖాతా దాకా వస్తుంది. ప్రమాదం మీద వచ్చిన తీర్పు సొమ్ము కట్టకపోతే టెక్సస్‌లో లైసెన్స్ కూడా ఆపేస్తారు. కారు లేకుండా ఆ ఊళ్లో ఉద్యోగానికి వెళ్లడం ఎంత కష్టమో మీ అబ్బాయినే అడగండి.

ఇక కొలిజన్ (ఢీకొన్నప్పుడు సొంత కారు నష్టానికి వచ్చే కవర్) లేదు కాబట్టి అతని కారుకు రూపాయి రాదు. పన్నెండు లక్షలు పోసి కొన్న కారు తుక్కు కింద పోతుంది. ఎదుటివారికి అప్పు పడతాడు. ఇక్కడ మీ ఇంట్లో 12 లక్షల బంగారం అప్పు అలాగే ఉంటుంది, దాని మీద నెలకు 9 వేల వడ్డీ నడుస్తూ ఉంటుంది. మీరు రాసిన లెక్కలో ఈ వరస ఎక్కడా లేదు.

ఇంకో విషయం. ఆ 225 డాలర్ల ‘ఫుల్ కవరేజ్’ పేరు చూసి కూడా నిశ్చింతగా ఉండకండి. లోన్ ఇచ్చేవాళ్లు కొలిజన్, కాంప్రహెన్సివ్ (దొంగతనం, అగ్నిప్రమాదం లాంటివాటికి వచ్చే కవర్) అడిగేది తమ కారు భద్రంగా ఉండాలని. ఎదుటి మనిషికి మీ అబ్బాయి ఎంత కట్టాల్సి వస్తుందో వాళ్లకు పట్టదు. కాబట్టి కంపెనీ చెప్పిన ఆ ధర కాగితం (కోట్)లోనూ లయబిలిటీ 30/60/25 దగ్గరే ఉండి ఉండవచ్చు. కోట్‌లో లయబిలిటీ అంకెలున్న పేజీ మీకు పంపమనండి. 100/300/100కు పెంచితే ఎంతవుతుందో కంపెనీని విడిగా అడగమనండి. లయబిలిటీ పెంచడానికి అయ్యే అదనపు ఖర్చు సాధారణంగా జనం భయపడినంత ఉండదు. కనీస లయబిలిటీ తీసుకున్న పాలసీ నా దృష్టిలో పోలీసుకు చూపించే కాగితం మాత్రమే.

ఆన్‌లైన్‌లో పాలసీ తీసుకునేటప్పుడు పిల్లలు చేసే మరో పొరపాటుంది. టెక్సస్‌లో రెండు కవర్లు కంపెనీ తప్పకుండా ఇవ్వజూపాలి. ఒకటి, బీమా లేనివాడో చాలీచాలని బీమా ఉన్నవాడో మనల్ని గుద్దితే మనకు పనికొచ్చే అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవర్. రెండు, తప్పు ఎవరిదైనా మన వైద్య ఖర్చుకు వచ్చే పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్. ఇవి వద్దనుకుంటే రాతపూర్వకంగా వద్దని చెప్పాలి. ఫోన్‌లో టకటకా నొక్కుకుంటూ పోయే పిల్లలకు తాము ‘వద్దు’ అని సంతకం చేసిన సంగతే తెలియదు. మీ అబ్బాయి ఆ రెండూ ఉంచుకోవాలి. అతనిలాగే ప్రీమియం మిగిల్చుకుందామని చూసే వాళ్లు ఆ రోడ్ల మీద ఇంకా ఉంటారు కదా.

ఏడేళ్ల అనుభవం లెక్కలోకి రాలేదన్న బాధ నాకు అర్థమైంది. అలిపిరి నుంచి ఘాట్ రోడ్డు ఎక్కి దిగినవాడిని కొత్త డ్రైవర్ అంటే ఎవరికైనా ఉక్రోషం వస్తుంది. మన నో క్లెయిమ్ బోనస్ అక్కడి కంపెనీల రికార్డుల్లో కనబడదు. దానికి తోడు టెక్సస్‌లో ప్రీమియం వేసేటప్పుడు క్రెడిట్ చరిత్ర కూడా చూస్తారు. కొన్ని కంపెనీలు విదేశీ లైసెన్స్ కాలాన్ని కొంత పరిగణిస్తాయి కాబట్టి ఇక్కడి బీమా కంపెనీ నుంచి క్లెయిమ్ లేదన్న ఉత్తరం తెప్పించి పంపండి, నాలుగైదు చోట్ల అడగనివ్వండి. అతనికి టెక్సస్ లైసెన్స్ ఉందో లేదో మీరు రాయలేదు. అక్కడ నివాసం ఏర్పరచుకున్న 90 రోజుల్లోపు తీసుకోవాలి. లేకపోతే ముందు ఆ పని చూసుకోమనండి.

ఒకే అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు నలుగురు కుర్రాళ్లు కలిసి ఉండటం, ఒకరి కారు ఒకరు తీయడం మామూలే. అదే ఇంట్లో ఉండే లైసెన్స్ ఉన్నవాళ్లందరి పేర్లు కంపెనీ అడుగుతుంది. ప్రీమియం పెరుగుతుందని దాచిపెడితే క్లెయిమ్ రోజున ఆ అబద్ధమే అడ్డం తిరుగుతుంది. మీరు అక్కడికి వెళ్లినప్పుడు ఆ కారు నడపాలనుకున్నా ముందే కంపెనీకి చెప్పించండి.

ఇక బంగారం మీద అప్పు. ఈ మాట కొంచెం గట్టిగానే చెబుతాను. కొడుకు కారు కోసం కూతురి పెళ్లి నగలు కుదువ పెట్టడం ఏ లెక్కలోనూ సబబు కాదు. అయిదు లక్షలు దాటిన అప్పుకు నగల విలువలో 75 శాతానికి మించి ఇవ్వరు. అంటే 12 లక్షల కోసం కనీసం 16 లక్షల నగలు పోయి అక్కడ కూర్చుంటాయి. ఒకేసారి తీర్చే పద్ధతిలో తీసుకుంటే గడువు 12 నెలలే. బంగారం ధర బాగా పడితే ఇంకొంత కట్టమంటారు, కట్టలేకపోతే వేలం. మీకు వచ్చేది పెన్షన్. ఏ ధైర్యంతో ఇందులోకి దిగుతున్నారు?

ఇంత చేసి మీకు మిగిలేదేమిటో చూడండి. 12 లక్షల మీద 4 శాతం తేడా అంటే మొదటి ఏడాది మహా అయితే 48 వేలు, అసలు తీరేకొద్దీ అదీ తగ్గుతుంది. ఒక ఆర్థిక సంవత్సరంలో విదేశానికి పంపే మొత్తం 10 లక్షలు దాటితే పైమొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటుంది. 12 లక్షలకు అది 40 వేలు. రిటర్న్ వేసి తిరిగి తెచ్చుకోవచ్చు, కానీ అప్పటిదాకా ఆ 40 వేలకూ మీరే వడ్డీ కట్టాలి. డాలర్లుగా మార్చేటప్పుడు బ్యాంకు తీసుకునే మార్జిన్ వేరే.

మీ అబ్బాయి ఆలోచించని విషయం మరొకటి. అక్కడి లోన్ వాయిదాలు తప్పకుండా కడుతూ పోతే అతని క్రెడిట్ చరిత్ర ఏర్పడుతుంది. అదే తర్వాత కారు బీమా ప్రీమియం తగ్గడానికీ పనికొస్తుంది. ఇక్కడి నుంచి డబ్బు తెప్పించుకుని కొంటే, ఏ లోటు వల్ల ఇవాళ 13 శాతం, 225 డాలర్లు అడుగుతున్నారో ఆ లోటు అలాగే ఉండిపోతుంది. ఉద్యోగం పోతే? హెచ్1బి మీద ఉన్నవాళ్లకు కొత్త ఉద్యోగం చూసుకోవడానికి ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. అప్పు అక్కడే, ఆ కారు మీదే ఉంటే కారు అమ్మి చాలావరకు తీర్చేసుకుని రావచ్చు. తిరుపతిలో తాకట్టు ఉంటే విడిపించాల్సింది మీరు.

అందువల్ల అబ్బాయికి ఇలా చెప్పండి. ఎనిమిది, తొమ్మిది వేల డాలర్లలో నమ్మకమైన పాత కారు చూసుకోవాలి. చేతిలో ఉన్నది డౌన్ పేమెంట్ కింద కట్టి మిగతాదే లోన్ తీసుకోవాలి, ఏడాది తర్వాత తక్కువ వడ్డీకి మార్చుకోవాలి. ప్రీమియం తగ్గించుకోవాలంటే డిడక్టిబుల్‌ను, అంటే క్లెయిమ్‌లో ముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సిన మొత్తాన్ని, 500 నుంచి 1,000 డాలర్లకు పెంచుకోవచ్చు, ఆ వెయ్యి ఎప్పుడూ ఖాతాలో కదలకుండా ఉంచగలిగితేనే. రెంటర్స్ పాలసీ (అద్దె ఇంట్లోని సామానుకు బీమా) అదే కంపెనీలో తీసుకుంటే కొంత డిస్కౌంట్ దొరకవచ్చు. పాలసీలు అక్కడ ఎక్కువగా ఆరు నెలలకే ఉంటాయి కాబట్టి ప్రతిసారీ వేరే కంపెనీల ధరలు కూడా చూడాలి. ఒక్క రోజు కూడా పాలసీ మధ్యలో తెగకూడదు, తెగితే తర్వాతి ప్రీమియం ఇంకా పెరుగుతుంది. సాయంత్రాలు ఫుడ్ డెలివరీకి ఆ కారు వాడే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోమనండి, మామూలు పాలసీ దానికి వర్తించదు. ఏం తగ్గించినా లయబిలిటీ జోలికి మాత్రం పోకూడదు.

చివరగా, మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. అబ్బాయి ఇక్కడ నడిపిన కారు ఇప్పుడు మీరే వాడుతున్నారని, ఆర్‌సీ అతని పేరు మీదే ఉందని ఉత్తరం చివర రాశారు. ఆ పాలసీలోని 15 లక్షల తప్పనిసరి ప్రమాద బీమా ఆర్‌సీలో పేరున్న యజమానికే. మీరు నడుపుతూ ఉండగా మీకేదైనా అయితే అందులోంచి మీ ఇంటికి ఏమీ రాదు. అబ్బాయి ఈసారి వచ్చినప్పుడు ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని ఆర్‌సీ మీ పేరు మీదికి మార్పించుకోండి. మార్చిన 14 రోజుల్లో బీమా కంపెనీకి తెలియజేసి పాలసీ కూడా మీ పేరు మీదికి తెచ్చుకోవాలి. ఆ 50 శాతం నో క్లెయిమ్ బోనస్ అబ్బాయిది కాబట్టి మీకు రాదు, తేడా కట్టాల్సి వస్తుంది, కట్టేయండి. అతను మాత్రం బోనస్ సర్టిఫికెట్ తీసుకుని పెట్టుకుంటే మూడేళ్లలోపు ఇక్కడ వేరే కారు కొన్నప్పుడు వాడుకోవచ్చు. ఆర్‌సీ మారేదాకా ఆగకుండా, ఈ వారంలోనే మీ పేరు మీద ఒక వ్యక్తిగత ప్రమాద బీమా పాలసీ తీసుకోండి.