పాటా రాదు, బైబిలు వాక్యం చెప్పడమూ రాదు. సంఘంలో నేనేం పరిచర్య చేయగలను?

ఇలా అడిగినవారికి మా నాన్న కాలి పుండు సంగతి చెబుతాను.

2016లో మాట. మేముండేది చెన్నై వ్యాసర్‌పాడిలో, నాన్నది నాయుడుపేట. పాతికేళ్ళ షుగర్‌తో పాదాల్లో స్పర్శ పోయింది. చెప్పులోంచి మేకు దిగినా ఆయనకు తెలియలేదు. వాసన వచ్చాకే చూసుకున్నాడు. ఇక్కడికి తెచ్చి ఆసుపత్రిలో చేర్పిస్తే బొటనవేలు తీసేసి, రోజూ కట్టు మార్చాలని చెప్పి ఇంటికి పంపారు.

సంఘపెద్దలు వచ్చారు. గుమ్మం దగ్గరే నిలబడి ప్రార్థన చేసి, "అవసరముంటే ఫోన్ చెయ్యండి బ్రదర్" అని వెళ్ళిపోయారు. అవసరం వాళ్ళ కళ్ళముందే మంచం మీద ఉంది. వాళ్ళనేం అనను, కన్నకొడుకుని నాకే గుడ్డ విప్పితే కడుపులో తిప్పేది.

మర్నాడు మధ్యాహ్నం మా వీధి చివర ఇడ్లీలు అమ్మే అక్క వచ్చింది. ఆరాధనలో అందరికన్నా వెనక, చెప్పులు విడిచేచోట కూర్చునే మనిషి. ఒక్కసారి కూడా సాక్ష్యం చెప్పగా వినలేదు. "కట్టు ఎప్పుడు మారుస్తారు?" అని అడిగి, కింద పేపరు పరిచింది. పుండుకి అంటుకున్న గుడ్డని లాగకుండా సెలైన్ పోసి నాననిచ్చింది. అంతసేపూ నాన్నతో వరికోతల గురించి మాట్లాడుతూనే ఉంది, ముఖం పక్కకి తిప్పలేదు. కోడలిని కూడా ఆ కాలు ముట్టుకోనివ్వని మనిషి, "సిగ్గుగా ఉందమ్మా" అన్నాడు.

"మా ఆయనకి రెండేళ్ళు చేశాను నాయనా, సిగ్గెందుకు?"

అయ్యాక రెండో పాదం కూడా ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ సందులు ఒక్కొక్కటే చూసింది. చిటికెనవేలి కింద చీలిక దొరికింది. అదొకటి ఉందని ఇంట్లో ఎవరికీ తెలీదు. నెలన్నర రోజులు, ఇడ్లీ గిన్నెలు తోముకుని, అదే వేళకి వచ్చింది.

పరిచర్య అంటే మైకు, ఫ్లెక్సీ, శాలువా అయిపోవడం నాకు చాలా బాధ. రోగికి పరిచర్య చేయడం అని మన పెద్దలు వాడిన మాట కదా అది! కొత్త నిబంధన గ్రీకులో పరిచర్యకి ఉన్న డయకోనియా కూడా బల్ల దగ్గర వడ్డించే పనికి వాడిన మాటే. అపొస్తలుల కార్యములు 6లో ఏడుగురిని ఏర్పరచింది విధవరాండ్రకు రోజూ భోజనం సరిగా అందడం కోసం. ఇంకొందరు గలతీ 6:5 చూపించి, ఎవరి బరువు వాళ్ళే మోసుకోవాలని తప్పుకుంటారు. మూడు వచనాల ముందే ఒకరి భారం ఒకరు భరించమని ఉంది. గ్రీకులో అవి వేర్వేరు మాటలు. అయిదో వచనంలోది ఎవరి మూట వారు మోసుకునే మూట, రెండులోది మనిషిని కుంగదీసే బరువు. కుళ్ళిన కాలు మూట కాదు.

మీ సంఘంలో రెండు మూడు ఆదివారాలుగా కనబడనివాళ్ళు ఎవరో చూడండి. ఏం కావాలని ఫోన్ చేయకండి, ఇంట్లోకి వెళ్ళండి. తోమని గిన్నెలో, తేవలసిన మందులో, విప్పాల్సిన కట్టో కనబడుతుంది.

నాన్న ఊరెళ్ళేరోజు అక్క ఒక చిన్న అద్దం తెచ్చిచ్చింది. వంగలేడు కదా, అరికాళ్ళు చూసుకోవడానికి. అది ఆయన దిండు కింద బైబిలు పక్కనే ఉంటుంది. రోజూ పొద్దున రెండూ తీస్తాడు.