రికా కిహిరా ఐస్ డాన్స్‌కి మారడం మెట్టు దిగడమేనా?

జపాన్ ఫిగర్ స్కేటర్ రికా కిహిరా, ట్రిపుల్ ఆక్సెల్ వేసిన అమ్మాయి, పోటీలో క్వాడ్ (నాలుగు చుట్ల జంపు) కూడా దిగిన అమ్మాయి, జంటగా చేసే, పెద్ద జంపులే ఉండని ఐస్ డాన్స్‌లోకి వెళ్తే అది మెట్టు దిగడం కాదా, గాయాలైనవాళ్ళకి అదొక రిటైర్మెంట్ ప్లాన్ లాంటిది కదా అని ఒకరు అడిగారు. మూడేళ్ళ క్రితం అడిగి ఉంటే నేనూ అవుననేదాన్ని. ఆ తర్వాత నేనే సింగిల్స్ (ఒంటరిగా చేసే స్కేటింగ్) ఆపేసి డాన్స్ మొదలుపెట్టాల్సి వచ్చింది. కిహిరాతో పోల్చుకుంటున్నానని నవ్వకండి. టొరంటో పక్కన ఉద్యోగం చేసుకుంటూ, ముప్పై ఒకటో ఏట మొదటిసారి స్కేట్స్ కట్టుకున్నదాన్ని. సాల్కో, లూప్, అదీ ఒక్కొక్క చుట్టు, అంతే నా జంపుల చరిత్ర.

ముందు ఆమె సంగతి. 2002లో హ్యోగో ప్రిఫెక్చర్‌లోని నిషినొమియాలో పుట్టింది. సీనియర్స్‌కి వచ్చిన మొదటి సీజన్లోనే, 2018 డిసెంబరులో, వాంకూవర్‌లో గ్రాండ్ ప్రీ ఫైనల్ గెలిచింది. అదే ఏడాది ఒలింపిక్ బంగారం గెలిచిన రష్యా స్కేటర్ జగితోవా ఆ పోటీలో ఆమె వెనకే నిలిచింది. 2019, 2020 ఫోర్ కాంటినెంట్స్ (యూరప్ బయటి దేశాల పోటీ) టైటిళ్ళు రెండూ ఆమెవే. 2020 డిసెంబరులో నాగానోలో జరిగిన జాతీయ పోటీల్లో క్వాడ్ సాల్కో దిగింది. ఆ తర్వాత కుడి చీలమండ ఎముక దెబ్బతింది. అపసవ్య దిశలో తిరిగేవాళ్ళు ఏ జంపైనా కుడికాలి మీదే దిగుతారు. ట్రిపుల్ ఆక్సెల్ అంటే మూడున్నర చుట్లు తిరిగి, ఆ వేగమంతా ఒక్క కాలి మీద ఆపుకోవడం. అలాంటివి రోజుకి ఎన్ని వేస్తారో ఊహించుకోండి. ఆ గాయంతో బీజింగ్ ఒలింపిక్స్ పోయాయి. తిరిగొచ్చింది, మళ్ళీ ఆగిపోయింది. 2025 సెప్టెంబరులో షింగో నిషియామాతో కలిసి ఐస్ డాన్స్ చేస్తానని ప్రకటించింది. అతను అంతకుముందు జూనియర్స్‌లో ఉతానా యోషిదాతో డాన్స్ చేసినవాడు. అంటే ఈ జంటలో ఒకరికి ఈ పని ముందే తెలుసు. అది చిన్న విషయం కాదు, ఎందుకో నా కథ చెప్తే అర్థమవుతుంది.

లూప్ దిగుతూ నేను కాలు మెలిపెట్టుకున్నాను. నాలుగు నెలలు జంపులు వద్దన్నారు. ఈలోపు ఖాళీగా ఉండడం ఎందుకు, డచ్ వాల్ట్జ్ నేర్చుకో అన్నాడు మా కోచ్. ఐస్ డాన్స్‌లో అందరూ మొట్టమొదట నేర్చుకునే ప్యాటర్న్‌లలో (ముందే ఖరారైన అడుగుల వరసల్లో) అదొకటి. అన్నీ ముందుకు వెళ్ళే అడుగులే, వెనక్కి తిరగడం కూడా లేదు. పిల్లల ఆటనుకున్నాను. ఇక్కడ పెద్దవాళ్ళకి పార్ట్‌నర్ దొరకకపోతే కోచే పార్ట్‌నర్‌గా నిలబడతాడు. పక్కపక్కన నిలబడి, ఆయన కుడిచెయ్యి నా నడుము వెనక నుంచి వచ్చి నా కుడిచేతిని పట్టుకుంటుంది. మూడో అడుగులోనే నా బ్లేడు వెనక కొస ఆయన బ్లేడుకి తగిలింది. ఇద్దరం పడాల్సింది, ఆయన నిలబెట్టాడు. డాన్స్ బ్లేడ్లకి మడమ వైపు పొడవెందుకు తగ్గిస్తారో ఆ రోజే తెలిసింది. సింగిల్స్ బ్లేడుకి ఉండే ఆ వెనక తోక జంపు దిగేటప్పుడు ఆసరా. పక్కన ఇంకో మనిషి ఉంటే అదే గండం.

బ్లేడ్లు మార్చుకోవచ్చు. అలవాటు మార్చుకోవడమే కష్టం. సింగిల్స్‌లో రింకంతా మనదే. జంపుకి ముందు కుదరకపోతే ఒక క్షణం ఎక్కువ తీసుకుంటాం, తర్వాత ఎక్కడో ఆ క్షణం మిగుల్చుకుంటాం, చూసేవాళ్ళకి తెలియదు. డచ్ వాల్ట్జ్ నిమిషానికి 138 బీట్లు. నేను కుదురుకునేదాకా పాటా ఆగదు, పక్కనున్న మనిషీ ఆగడు. మా ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో కోలాటం ఆడేవాళ్ళం. కోల ఎత్తడం ఆలస్యమైతే ఎదుటివాళ్ళ కోల వేళ్ళ మీద పడేది. సరిగ్గా అదే. కాకపోతే ఇక్కడ కాళ్ళ కింద మంచు ఉంటుంది.

మా కోచ్ నన్ను ఎక్కువగా తిట్టింది ఒక్క మాట మీదే: "నువ్వు బాగా స్కేట్ చేస్తున్నావు, కానీ ఒక్కదానివే చేస్తున్నావు." నేను బలంగా తోస్తే ఆయన్ని ముందుకి లాగేస్తాను, భయపడి తగ్గిస్తే ఆయన మీద వేలాడతాను. ఇద్దరి మోకాళ్ళూ ఒకేసారి, ఒకే లోతుకి వంగాలి. నాకు అది కుదరడానికి ఏడు నెలలు పట్టింది. టెస్ట్ మొదటిసారి ఫెయిలయ్యాను కూడా. ఒంటికాలి మీద లూప్ వేసిన మనిషిని ముందుకు నడిచే వాల్ట్జ్‌లో ఫెయిల్ చేశారని ఫోన్లో చెప్తే మా అమ్మ, "అందుకే చెప్పానే, ఈ వయసులో నీకెందుకే అవన్నీ" అంది.

ఇది మెట్టు దిగడమైతే పైమెట్టు మీదున్నవాడికి సులువుగా రావాలి కదా. జపాన్ సింగిల్స్ స్కేటర్ దైసుకే తకహాషిని చూడండి. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో కాంస్యం, అదే ఏడాది ప్రపంచ ఛాంపియన్. అడుగుల పనితనంలో అతన్ని మించినవాళ్ళు తక్కువ. 2014లో రిటైరయ్యాడు, 2018లో తిరిగొచ్చి జాతీయ పోటీల్లో రజతం గెలిచాడు, ఆ తర్వాత కానా మురమోతోతో ఐస్ డాన్స్‌కి వచ్చాడు. ఆమె కూడా మొదట సింగిల్స్ మనిషే, అప్పటికే క్రిస్ రీడ్‌తో 2018 ఒలింపిక్స్‌లో డాన్స్ చేసింది. 2020 నవంబరులో ఎన్‌హెచ్‌కే ట్రోఫీలో ఈ జంట మొదటి పోటీ, మూడు జంటల్లో మూడో స్థానం. 2022లో ఫోర్ కాంటినెంట్స్ రజతం వచ్చింది, కానీ అదే ఏడాది ప్రపంచ పోటీల్లో 16వ స్థానం. మరుసటి ఏడాది సైతామాలో జరిగిన ప్రపంచ పోటీల్లో 11. సింగిల్స్‌లో ప్రపంచాన్ని గెలిచినవాడు మూడు సీజన్లు కష్టపడి చేరింది అక్కడికి. వాళ్ళ పోటీలు చూసినప్పుడల్లా నాకు ముచ్చటేసేది, ఎందుకంటే మొదటి ఏడాది అతని భుజాల్లో కనిపించిన టెన్షన్ నాకు బాగా తెలిసిన టెన్షన్.

జపాన్‌లో చాలామంది డాన్స్‌ని మెట్టు దిగడం అనుకోవడానికి కారణం లేకపోలేదు. అక్కడ చాలాకాలం పేరంతా సింగిల్స్‌దే. ఒలింపిక్స్‌లో అరకవా 2006 బంగారం, హన్యూ 2014, 2018 బంగారాలు, అన్నీ ఒంటరిగా గెలిచినవే. ఐస్ డాన్స్ జంటల పోటీలో ఆ దేశానికి ఇంతవరకూ ఒలింపిక్ పతకం లేదు. కానీ 2014లో ఒలింపిక్స్‌లోకి టీమ్ ఈవెంట్ (ఒక దేశం స్కేటర్ల పాయింట్లన్నీ కలిపే పోటీ) వచ్చాక లెక్క మారింది. డాన్స్ జంట తెచ్చే పాయింట్లూ అందులో లెక్కలోకి వస్తాయి. 2022 బీజింగ్‌లో జపాన్ గెలిచిన టీమ్ పతకంలో డాన్స్ చేసిన కొమత్సుబరా జంట భాగం ఉంది. మన దగ్గరా జంటగా చేయడాన్ని తక్కువగా చూసేవాళ్ళకి ఒక పేరు గుర్తుచేస్తాను. మన హైదరాబాద్ రోలర్ స్కేటర్ అనూప్ కుమార్ యామా 2010 ఆసియా క్రీడల్లో సింగిల్స్‌లోనూ, అవనీ పాంచాల్‌తో పెయిర్స్ అనే జంటల విభాగంలోనూ కాంస్యాలు తెచ్చాడు. అది చక్రాల మీద, అదీ పెయిర్స్, డాన్స్ కాదు. అయినా చెప్పాలనిపించింది.

కిహిరాకి ఏవి కలిసొస్తాయంటారా? ఎడ్జ్ లోతు (బ్లేడు అంచు మీద ఎంతగా ఒరగగలరో అది), వేగం, పాట వినే చెవి. ట్విజిల్స్ కూడా ఆమెకి ఒంటరిగా పెద్ద పని కాకపోవచ్చు. అది ఒంటికాలి మీద గిరగిరా తిరుగుతూ మంచు మీద సాగిపోవడం. అయితే డాన్స్‌లో ఇద్దరూ పక్కపక్కనే, ఒకే వేగంతో తిరగాలి. ఒకరు అర చుట్టు ముందుంటే ఎవరికైనా కనిపిస్తుంది. ఇక లిఫ్టులు. చిన్న లిఫ్ట్ ఏడు సెకన్లు మించకూడదు. ఆ ఏడు సెకన్లూ ఆమె కాళ్ళు మంచు మీద ఉండవు. చిన్నప్పటి నుంచీ గాల్లోకి తనంతట తనే ఎగిరిన మనిషి, ఇప్పుడు ఇంకొకరు ఎత్తితే పైకి వెళ్ళాలి, వాళ్ళు దించినప్పుడు దిగాలి.

కిహిరా, నిషియామాల వీడియో చూసేటప్పుడు లిఫ్టులు కాసేపు వదిలేసి ఇద్దరి మోకాళ్ళు మాత్రమే చూడండి. కిల్లియన్ పట్టులో, అంటే పైన నేను చెప్పిన పక్కపక్క పట్టులో, ఇద్దరి మధ్య సందు పెరుగుతోందా, అలాగే ఉంటోందా చూడండి. జంపుల్లో చుట్లు లెక్కపెట్టడం కంటే మొదట్లో ఇది కష్టంగా అనిపిస్తుంది. నాకైతే ఇప్పుడు అదొక్కటే కనిపిస్తోంది, మా కోచ్ దయవల్ల.